పొరుగువారికి మాత్రమే

ఇటీవల ఖాట్మండు వెళ్ళినప్పుడు, ముగ్గురు పాత్రికేయ మిత్రుల ప్రోద్బలం వల్ల ఒక హోటలులోని కాసినోకు పోయాను. ఆ నగరానికి కాసినో 1968లోనే వచ్చింది. నేపాల్ చట్టం ప్రకారం నేపాలీలు అక్కడ జూదమాడరాదు. పేకముక్కలు పంచే యువతి మాత్రం నేపాలీయే! ఆ రాత్రి పందెం ఒడ్డుతున్నవారు అధికంగా మన దేశస్థులు.

మిత్రులొకరు పాచికల బల్ల వద్ద నిలిచారు. ఇంద్రప్రస్థ వాసులకు పాచికలు అచ్చిరావన్న నా హెచ్చరిక ఆయనకు రుచించలేదు. వంద భారత రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలన్న మారకం 1993 నుంచి మారలేదు గనుక, నష్టాన్ని మన లెక్కలోకి మార్చుకొనుట సులభం. అరగంటలో ఆ అవసరమూ వచ్చింది.

హైదరాబాదు మిత్రులు మూడు ముక్కలాటకు కూర్చుని, రమ్మీ లేదే అని చింతించారు. ఆ చింతకు న్యాయస్థానపు ఆధారమున్నది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగానూ, మూడు ముక్కలాటను కేవలం అదృష్టంగానూ విడదీసింది. డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ భేదాన్ని పాటించలేదు. ఆ బిల్లు ఉభయ సభలనూ రెండే రోజులలో దాటింది.

గోవాలో మాండోవి నదిపై తేలే కాసినోలకు ఆ చట్టం వర్తించదు. రాజ్యాంగంలో జూదం రాష్ట్ర జాబితాలోని అంశం. అక్కడ కూడా 2020 నుంచి గోవా వాసులు ఆడుటకు వీలులేదు. తన ప్రజలకు కీడని ఎరిగినదానిని పొరుగువారికి అమ్ముకొనుటలో ఖాట్మండుకూ పణజీకీ భేదమేమున్నది? ఢిల్లీ ఈ బల్లకు దూరంగా ఉన్నదనుకోనక్కర లేదు. కాసినో పందాలపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు నుంచి నూటికి 40. అందులో కేంద్రానికీ వాటా ఉన్నది.