బడిలో చేరకముందే కంటి పరీక్ష

మూడేళ్ల పాప ఒక్క కంటితోనే చూస్తున్నా ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. బాగున్న కన్ను మొత్తం పనిని తానే నెట్టుకొస్తుంది. పాప పరుగెడుతుంది, బొమ్మలకు రంగులు వేస్తుంది, నేల మీద పడ్డ మరమరాలను ఒక్కొక్కటే ఏరుతుంది. రెండో కన్ను మసకగా ఉందని మాత్రం చెప్పదు. పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తున్న బిడ్డకు అందరికీ అలాగే కనబడుతుందనిపిస్తుంది. అందుకే "మా వాడు ఎప్పుడూ ఏమీ చెప్పలేదండీ" అన్న మాటతో నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మనవల్లో ఇద్దరికి ఇలాంటి మందగించిన కన్ను, అంటే 'లేజీ ఐ' ఉండేది. 2005లో అమెరికన్ ఆప్టోమెట్రిక్ అసోసియేషన్ మొదలుపెట్టిన 'ఇన్ఫంట్‌సీ' కార్యక్రమానికి ఆయన గౌరవాధ్యక్షుడిగా నిలబడ్డారు. అందులో చేరిన ఆప్టోమెట్రిస్టులు, అంటే చూపు పరీక్షించి కళ్లజోడు రాసే నిపుణులు, 6 నుంచి 12 నెలల పసికందులకు ఉచితంగా కళ్లు చూస్తారు. ఇన్సూరెన్సు అడగరు, ఆదాయమూ అడగరు. అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో దీని సంగతి తెలిసినవారు తక్కువే.

ఇంత చిన్న వయసులో ఎందుకు? కన్ను కెమెరా అయితే చిత్రాన్ని చదివేది మెదడు. ఆ చదువు బాల్యంలోనే నేర్చుకోవాలి. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ 1960లలో పిల్లికూనలకు ఒక కన్ను కొంతకాలం మూసి ఉంచి చూశారు. తెరిచాక కన్ను బాగానే ఉంది, దాన్నుంచి వచ్చే కబురు అందుకోవడమే మెదడు మానేసింది. వాళ్లకు 1981లో నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధనల్లో ఇదీ ఉంది. మనిషి బిడ్డకు ఏడెనిమిదేళ్ల లోపు చికిత్స బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆశ పూర్తిగా పోదు కానీ ఫలితం తగ్గుతూ వస్తుంది. చికిత్స కూడా భయపడేంత పెద్దది కాదు. ముందు సరైన కళ్లజోడు, చాలకపోతే బాగున్న కంటికి ప్యాచ్. ఒక మోస్తరు మందగింపుకు రోజుకు రెండు గంటల ప్యాచ్, ఆరు గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేస్తుందని అమెరికాలో 2003లో వెలువడిన అధ్యయనం చూపింది. ప్యాచ్ పీకేసే పిల్లలకు బాగున్న కంట్లో, దాని చూపును తాత్కాలికంగా మసకబరిచే అట్రోపిన్ చుక్కలు వేసే పద్ధతీ ఉంది.

స్క్రీనింగ్ వేరు, పూర్తి పరీక్ష వేరు. పిల్లల డాక్టరు దగ్గర కెమెరా లాంటి పరికరంతో చూసేదీ, బడిలో గోడ మీది చార్టు చదివించేదీ స్క్రీనింగే. అవి చాలా సమస్యల్ని పట్టుకుంటాయి, కొన్నింటిని వదిలేస్తాయి. దూరదృష్టి ఉన్న పిల్లలు కంటి కండరాన్ని బిగించి చార్టు చదివేయగలరు. చేతివేళ్ల సందుల్లోంచి బాగున్న కంటితో తొంగిచూసే గడుగ్గాయిలూ ఉంటారు. స్క్రీనింగ్‌లో తేడా కనబడితేనే పూర్తి పరీక్ష చాలని కంటి వైద్యుల సంఘాలు అంటాయి. ఆప్టోమెట్రిస్టుల సంఘం మాత్రం ఏడాది లోపు ఒకసారి, మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఒకసారైనా చేయించమంటుంది. అమ్మకో నాన్నకో చిన్నప్పుడే కళ్లజోడు వచ్చి ఉన్నా, మెల్లకన్ను ఉన్నా, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా రెండో సలహానే పాటించడం మేలు.

పూర్తి పరీక్షకు బిడ్డకు అక్షరాలు రానక్కర్లేదు. ఫిన్లాండ్ వైద్యురాలు లియా హ్యూవారినెన్ రూపొందించిన చార్టులో ఆపిల్, ఇల్లు, చతురస్రం, వృత్తం మాత్రమే ఉంటాయి. ఇంట్లో తెలుగే మాట్లాడే బిడ్డ "ఇల్లు" అన్నా సరే, చేతిలోని కార్డు మీద అదే బొమ్మను వేలితో చూపినా సరే. పక్కన కూర్చున్న అమ్మానాన్నలు మాత్రం జవాబు అందించకూడదు. ప్రత్యేక కళ్లద్దాలు పెట్టి ఈగ బొమ్మ చూపిస్తారు. రెండు కళ్లూ కలిసి పనిచేస్తే దాని రెక్కలు పైకి లేచినట్టు కనబడి, పిల్లలు గాల్లోనే పట్టుకోబోతారు. తర్వాత చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకున్నాక రెటినోస్కోప్ వెలుగుతో పవర్ లెక్కిస్తారు. బిడ్డ నోరు విప్పకపోయినా ఇది సాగిపోతుంది. చుక్కలు కాస్త మండుతాయి, ఆ రోజంతా దగ్గరివి మసకగా ఉండవచ్చు. నిద్ర లేచి, తిన్నాక తీసుకెళ్తే మారాం తక్కువ. ఎండకు టోపీ ఉంచుకోవాలి.

అమెరికాలో కెంటకీ రాష్ట్రం 2000లో చేసిన చట్టంతో బడిలో చేరే పిల్లలకు పూర్తి కంటి పరీక్ష తప్పనిసరి చేసింది. ఇల్లినాయ్‌లో 2008 నుంచి కిండర్‌గార్టెన్ పిల్లలకు ఇదే నియమం. చాలా రాష్ట్రాలు స్క్రీనింగ్‌తోనే సరిపెడతాయి కనుక, అడిగే బాధ్యత తల్లిదండ్రులదే.

ఇంటి నమ్మకాల సంగతీ మాట్లాడుకోవాలి. మెల్లకన్ను అదృష్టమనే పెద్దలు ఇంకా ఉన్నారు. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసివాళ్లలో మెల్ల ఉన్నట్టు భ్రమ కలుగుతుంది, నిజమే. కానీ నాలుగు నెలలు దాటాక కన్ను పక్కకు జరుగుతుంటే అది భ్రమో కాదో తేల్చవలసింది డాక్టరే. అద్దాలు పెడితే చూపు ఇంకా పాడవుతుందన్నది వట్టి అపోహ. పసివాళ్లకు కాటుక పెట్టే అలవాటూ ఉంది, కానీ కొన్ని కాటుకల్లో సీసం బయటపడింది. అమెరికా ఎఫ్‌డీఏ కాటుకను అనుమతించదు. పసికందు కళ్లకు పెట్టకపోవడమే క్షేమం. నమ్మకాల మాట అటుంచి, ఫ్లాష్ ఫొటోల్లో ఒక కంటిపాప మళ్లీ మళ్లీ తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయకుండా, ఆ వారంలోనే కంటి వైద్యుడికి (ఆఫ్తాల్మాలజిస్టుకు) చూపించాలి. అది రెటీనాలో పుట్టే క్యాన్సర్ లక్షణం కావచ్చు.

ఇక ఖర్చు సంగతి. అమెరికాలో 2014 నుంచి వ్యక్తిగత, చిన్న సంస్థల ఇన్సూరెన్సు ప్లాన్లలో పిల్లల కంటి పరీక్ష చేర్చాల్సిందే. మనవాళ్లు ఎక్కువగా పనిచేసే పెద్ద కంపెనీల ప్లాన్లకు ఆ నియమం వర్తించదు. ఏటా ప్లాను ఎంచుకునేటప్పుడు విజన్ కవరేజీ ఉందో లేదో చూసుకోవాలి. "వేసవిలో ఇండియా వెళ్తాంగా, అక్కడ చూపిద్దాం" అని ఆగే కుటుంబాలూ ఉన్నాయి. హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పిల్లల కోసం ప్రత్యేక విభాగమే ఉంది, అక్కడి వైద్యానికి వంక పెట్టలేం. అయితే ప్యాచ్ మొదలుపెడితే కొన్ని వారాలకోసారి మళ్లీ చూపించాలి. నెల రోజుల సెలవుల్లో అది తెమిలేది కాదు. అందుకే ఉన్న ఊళ్లో మొదలుపెట్టి, ప్రయాణానికి ముందు రిపోర్టులు, కళ్లజోడు చీటీ ఫోన్లో దాచుకుని వెళ్తే, అవసరమైనప్పుడు అక్కడి డాక్టరు అన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.