కొండగట్టు అడవి, తునికిచెట్టు, మన అటవీ ప్రణాళిక

జగిత్యాలనుండి కరీంనగరుకు పోవు బస్సులో కూర్చున్నవారికి కొండగట్టు కనబడగానే కోతులును కనబడును. యాత్రికులు వానికి అరటిపండ్లు వేయుదురు. అదే కోతిమూక పక్క ఊరి మక్కచేనులో దిగినప్పుడు రైతు కర్ర పట్టుకొని పరుగెత్తును. 2023లో కరీంనగరపు శివారు ఇండ్లమధ్యకు ఎలుగుబంటియే వచ్చినది. అడవి ప్రాణి ఊరిమీద ఏల పడుచున్నది? దీనికి ఒక కారణము మన అటవీ ప్రణాళికల చరిత్రలో కలదు.

1952 నాటి జాతీయ అటవీ విధానము దేశ భూభాగములో మూడవవంతు అడవి యుండవలెనని చెప్పినది. కాని ఎట్టి అడవి? 1976లో జాతీయ వ్యవసాయ కమిషను పరిశ్రమలకు కావలసిన కలపను త్వరగా పెంచుడని సలహా యిచ్చినది. ఆ దృష్టితో పలుచోట్ల మిశ్రమారణ్యము తీసివేసి టేకు, నీలగిరి తోటలు వేసిరి. పటములో రెండును పచ్చరంగే! నీలగిరి తోటలో కోతికి తినదగిన పండు లేదు. 1988 విధానము ఈ దృష్టిని మార్చి, పర్యావరణ సమతౌల్యమే ప్రధానమనియు, ఆర్థిక లాభము దాని తరువాతనే యనియు ప్రకటించినది.

మన ప్రాంతమునకు దగ్గరి ఉదాహరణము తునికి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో మన విద్యార్థుల తల్లులు, అక్కలు అనేకులు బీడీలు చుట్టుదురు. ఉర్దూలో తేందూ పత్తా అనునది ఈ ఆకే. 1971 చట్టముతో దీని వ్యాపారము ప్రభుత్వము చేతిలోనికి వచ్చినది. లేత ఆకు బాగుగా రావలెనని వేసవికి ముందు పొదలను నరకుదురు. కొందరు నిప్పును పెట్టుదురు. ఆ నిప్పుకు నేలమీది చిన్న మొలకలన్నియు మాడిపోవును. ఏటేట నరకబడు తునికి పొదగానే మిగులును, పండు కాయదు. తునికిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. రెండును చెట్లుగా ఎదిగిననే పండు, ఆ పండుండిననే కోతికి, ఎలుగుకు ఎండకాలపు తిండి. ఆ ప్రాణులే గింజలను దూరముగా చేర్చి కొత్త చెట్లను పుట్టించును. బీడీ ఆకు వద్దని నా వాదము కాదు. ఆ కూలి ఎన్ని ఇండ్లను నిలుపుచున్నదో మనకు తెలియును. కొన్ని తునికిలను నరకక విడుచుటకు ప్రణాళికలో చోటుండవలెను, అంతే.

ప్రతి అటవీ డివిజనుకు సాధారణముగా పది సంవత్సరములకొక కార్యప్రణాళిక వ్రాయబడును. ఏ భాగమున ఏమి కొట్టవలెను, ఏమి నాటవలెను అనునది నిర్ణయించునది అదియే. 2014 నాటి జాతీయ నియమావళి ఈ ప్రణాళికలలో జీవవైవిధ్య రక్షణమును ఒక కొలమానముగా చేర్చినది. కలపచెట్లతోపాటు పొదలను, గడ్డిజాతులను కూడ లెక్కింపవలెను. ఇది మంచి మార్పు. ఐనను మొక్కల సంఖ్యపై మోజు తీరలేదు. 2015లో ప్రారంభమైన హరితహారమునకు 230 కోట్ల మొక్కలు లక్ష్యముగా చెప్పిరి. ఏ జాతి, ఏ నేలలో అను ప్రశ్న అంత గట్టిగా వినబడలేదు. కోతులకై మేడి, నేరేడు, వెలగ, సీతాఫలము నాటవలెనను తలంపు తరువాత బలపడినది.

2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి గ్రామ పంచాయతీలోను ఒక జీవవైవిధ్య కమిటీ ఉండవలెను. ఊరి చెట్లు, జంతువులు, వానిగూర్చిన ప్రజల జ్ఞానము అది ఒక రిజిస్టరులో వ్రాయించవలెను. సెలవులలో ఇంటికి పోవు విద్యార్థులు తమ పంచాయతీలో ఆ పుస్తకమును అడిగి చూడుడు. ఆడ తునికి ఎక్కడ కాచుచున్నదో అధికారికన్న ఆకు తెంపు స్త్రీలకే ఎక్కువ తెలియును. వారి మాట అందులో ఉన్నదో లేదో చూడుడు.