వార్తల్లో పదం: ట్యూమర్ మార్కర్

క్యాన్సర్ కణాలు గానీ, వాటికి ప్రతిస్పందనగా శరీరం గానీ విడుదల చేసే, రక్తంలోనో మూత్రంలోనో కొలవదగిన పదార్థాన్ని ట్యూమర్ మార్కర్ అంటారు. మూత్రాశయ క్యాన్సర్‌లో కణితి నేరుగా మూత్రాన్ని తాకుతూ ఉంటుంది కనుక దాని ఆనవాళ్లను మూత్రంలోనే వెతకవచ్చు.

ఈ వ్యాధి నిర్ధారణకు ముఖ్యాధారం సిస్టోస్కోపీ, అంటే మూత్రమార్గం గుండా సన్నని కెమెరా గొట్టాన్ని పంపి మూత్రాశయం లోపలి పొరను పరిశీలించడం. దానికి తోడుగా మూత్రంలో రాలిన కణాలను సూక్ష్మదర్శినితో చూసే సైటాలజీ, ఉద్ధృతమైన కణితులను బాగానే గుర్తించినా, నెమ్మదిగా పెరిగే కణితుల కణాలు ఆరోగ్యకరమైన కణాలను పోలి ఉండడంతో వాటిని తరచూ పట్టలేకపోతుంది.

ఈ లోటును పూడ్చేందుకు వచ్చినవాటిలో ఎన్‌ఎంపీ22 అనే కేంద్రక ప్రోటీన్ పరీక్ష ఒకటి. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 2005లో వెలువడిన, 1,331 మందిపై జరిపిన అధ్యయనంలో అది 55.7 శాతం క్యాన్సర్లను గుర్తించగా, సైటాలజీ 15.8 శాతాన్నే గుర్తించింది. అయితే క్యాన్సర్ లేనివారిని లేనివారిగా తేల్చడంలో సైటాలజీ 99.2 శాతం, ఎన్‌ఎంపీ22 85.7 శాతం కచ్చితత్వం చూపాయి. ఇన్ఫెక్షన్, రాళ్లు ఉన్నప్పుడు కూడా ఈ ప్రోటీన్ పెరగడమే ఆ తేడాకు ఒక కారణం, నిష్కారణంగా రోగిని భయపెట్టే ఈ బలహీనతను తేలిగ్గా తీసుకోరాదు. 3, 7, 17 క్రోమోజోముల అదనపు ప్రతులను, 9వ క్రోమోజోములో లోపించిన భాగాన్ని మెరిసే రంగులతో చూపే ఫిష్ పరీక్ష మరొకటి.

మూత్రాశయ క్యాన్సర్ మళ్లీ మళ్లీ తిరగబెట్టే స్వభావం కలది కావడంతో, ఏళ్ల తరబడి సిస్టోస్కోపీ చేయించుకోవలసిన రోగులకు మార్కర్లు గొప్ప ఊరట కాగలవు. అయినా నొప్పి లేకుండా మూత్రంలో రక్తం కనిపించిన పెద్దవారి విషయంలో మార్కర్ పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చినంత మాత్రాన సిస్టోస్కోపీని మానడం సరికాదు.