నర్సుల నైతిక ధైర్యం

నర్సుల నైతిక ధైర్యం అనగా రోగికి హాని జరుగుతున్నదని లేదా జరగబోతున్నదని గ్రహించినప్పుడు, తనకు నష్టం కలిగే అవకాశం ఉన్నప్పటికీ, నర్సు ఆ విషయాన్ని పైవారికి చెప్పగలగడం లేదా తప్పు పనికి నిరాకరించగలగడం. ఇందులో పణంగా పెట్టేది ప్రాణం కాదు. ఉద్యోగం, పై అధికారుల ఆదరణ, తోటివారి స్నేహం.

నేపథ్యం

సరైనది ఏదో తెలిసి కూడా సంస్థాగతమైన అడ్డంకుల వలన ఆ పని చేయలేకపోవడం వల్ల కలిగే బాధను అమెరికా తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లో "నైతిక వేదన"గా వర్ణించాడు. నైతిక ధైర్యంపై చర్చ చాలావరకు ఇక్కడినుండే పెరిగింది. ఫిన్లాండ్ పరిశోధకులు 2019లో నర్సుల నైతిక ధైర్యాన్ని అంచనా వేయడానికి 21 ప్రశ్నలతో ఒక కొలమానాన్ని ప్రకటించారు.

గుంటూరు ప్రాంతంలో

గుంటూరులో ఆధునిక వైద్యసేవకు పునాది వేసినవారిలో ముఖ్యురాలు డా. అన్నా సారా కుగ్లర్ (1856-1930). 1883లో ఇక్కడకు వచ్చినప్పుడు మిషను వారు ఆమెను వైద్యురాలిగా నియమించలేదు. అయినా ఆమె వైద్యం మానలేదు. 1898లో ఆమె ఆసుపత్రి ప్రారంభమైంది.

పొన్నూరు గుంటూరుకు సుమారు 30 కి.మీ. దూరంలోని పురపాలక పట్టణం. ఇటువంటి పట్టణాలలోని ఆసుపత్రులకు పత్తి, మిరప పొలాలనుండి పురుగుమందు విషప్రభావానికి లోనైన రోగులు రావడం కొత్త కాదు. 1987-88లో తెల్లదోమ వలన పత్తి పంట దెబ్బతిని ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు ఆత్మహత్యలు చేసుకున్న సంగతి తెలిసిందే. ఆర్గానోఫాస్ఫేటు మందు తాగిన రోగికి అట్రోపిన్ ఇంజెక్షన్లు మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. కంటిపాప, నాడి, ఊపిరితిత్తులలో స్రావాలు గమనిస్తూ మోతాదు సరిచూడాలి. రాత్రంతా మంచం పక్కన ఉండి ఇవన్నీ చూసేది నర్సే. రాత్రి రెండు గంటలకు మోతాదు చాలడం లేదని ఆమెకు అనుమానం వస్తే నిద్రలో ఉన్న డ్యూటీ డాక్టరును లేపాలా, తెల్లవారేదాకా ఆగాలా? ఒకసారి లేపి చీవాట్లు తిన్న నర్సు రెండవసారి సంకోచిస్తుంది. ఆ సంకోచానికి మూల్యం చెల్లించేది రోగి. మరొక ఒత్తిడి బంధువుల నుండి వస్తుంది. పోలీసు కేసుకు భయపడి, "పొరపాటున తాగాడని రాయండి సిస్టర్" అని వారు బతిమాలుకుంటారు. నిజానికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి. శిక్షించరాదు. ఈ సంగతి తెలిసిన నర్సు బంధువుల భయం పోగొట్టి, కేస్ షీటులో ఉన్నది ఉన్నట్లు రాయగలదు.

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఎలుకలు కరిచిన నవజాత శిశువు మరణించడం దేశవ్యాప్తంగా సంచలనం కలిగించింది. విచారణలు జరిగి, సిబ్బందిపై చర్యలు తీసుకున్నారు. వార్డులో ఎలుకలు తిరగడం ఒక్క రాత్రిలో మొదలయ్యే విషయం కాదు. రోజూ కనిపించే లోపం కొన్నాళ్ళకు లోపంగా తోచదు. ధైర్యం అవసరమనే స్పృహే అప్పుడు కలగదు. ఈ అంశానికి పాఠ్యపుస్తకాలలో తగినంత చోటు దొరకలేదు.

ప్రభావితం చేసే అంశాలు

నైతిక ధైర్యాన్ని వ్యక్తి స్వభావంగా వర్ణించడం పరిపాటి. ఇది సగమే నిజం. అదే నర్సు ఒక వార్డులో నోరు విప్పి, మరొక వార్డులో మౌనంగా ఉండవచ్చు. అమెరికా పరిశోధకురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1996లో ప్రకటించిన అధ్యయనంలో, మంచి నాయకత్వం ఉన్న నర్సు బృందాలలోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరుగుతున్నాయని దీని అర్థం కాదు. ఉన్నవాటిని దాచకుండా చెప్పుకోగలుగుతున్నారని ఆమె గ్రహించింది. హెడ్ నర్సు ప్రవర్తన ఎంత ముఖ్యమో దీనిని బట్టి తెలుస్తుంది.

ఉద్యోగ భద్రత మరొక అంశం. కాంట్రాక్టు నర్సుకు ప్రశ్నించడం కష్టం. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం చేతిలో ఉంటే మరీ కష్టం. 2011-12లో ఢిల్లీ, ముంబై, కేరళలలో జరిగిన నర్సుల ఆందోళనలలో సర్టిఫికెట్లు, బాండ్ల సమస్య ప్రధానంగా వినిపించింది. సుప్రీంకోర్టు ఆదేశాలపై 2016లో ఏర్పడిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రులలో సైతం నర్సు వేతనం నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసింది.

ఇతరులకు జరిగినదాన్ని కూడా నర్సులు గమనిస్తారు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ఆసుపత్రి మత్తు వైద్యుడు డా. సుధాకర్ మాస్కుల కొరత గురించి బహిరంగంగా మాట్లాడి సస్పెండ్ అయ్యాడు. ఆయన వైద్యుడే గానీ, ఆ వార్త ప్రతి నర్సుల గదిలోనూ చర్చకు వచ్చి ఉంటుందని ఊహించవచ్చు. అమెరికాలోని టెక్సాస్‌లో ఒక వైద్యునిపై మెడికల్ బోర్డుకు లేఖ రాసిన ఇద్దరు నర్సులపై 2009లో నేరారోపణ జరిగింది. ఒకరిపై అభియోగాన్ని విచారణకు ముందే ఉపసంహరించుకోగా, రెండవ ఆమెను 2010లో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది.

చట్టాలు

ప్రజావేగుల రక్షణ చట్టం 2014లో ఆమోదం పొందినా ఏళ్ళ తరబడి అమలులోకి రాలేదు. పైగా అది ప్రభుత్వోద్యోగులపై చేసే ఫిర్యాదులకే ఉద్దేశించబడింది. ప్రైవేటు ఆసుపత్రి నర్సుకు దానివలన ఒరిగేది తక్కువ. పోక్సో చట్టం, 2012 సంగతి వేరు. పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం శిక్షార్హం. ఇది భారంగా కనిపించినా, "ఇది నా ఇష్టాయిష్టాల విషయం కాదు, చట్టం" అని డాక్టరుకూ, బంధువులకూ చెప్పే వీలు నర్సుకు కల్పిస్తున్నది.