బిలాస్‌పూర్ పెట్టాలా, సికింద్రాబాద్ పెట్టాలా?

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలున్నాయి. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ఈ ఊరే కేంద్రమైంది. మన ఇళ్లలో ఉద్యోగమంటే ఇప్పటికీ ముందు రైల్వేయే. ఆ ఇళ్లలోనే గే, లెస్బియన్, బైసెక్సువల్ పిల్లలూ డిగ్రీ చదువుతున్నారు.

అపోహ: "వీడికి నిలకడ లేదు, ఏ పరీక్షా సరిగ్గా రాయడు."

వాస్తవం: రైల్వే నోటిఫికేషన్ పడితే ఒక్క రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డునే (ఆర్‌ఆర్‌బీ) ఎంచుకోవాలి. నెట్ సెంటర్‌లో పక్కన కూర్చున్న తండ్రి, "బిలాస్‌పూరే పెట్టరా, ఇంటి పట్టున ఉంటావు" అంటాడు. కొడుకు చెయ్యి మౌస్ మీదే ఆగిపోతుంది. ఆర్డరు చేతికొచ్చిన మర్నాటి నుంచి సంబంధాలు మొదలవుతాయని వాడికి తెలుసు. ఆడపిల్లకైతే ఆ గడువూ ఉండదు. అందుకే కొందరు పీజీ, తర్వాత బీఎడ్, ఆపైన ఇంకో కోచింగ్ అంటూ ఏళ్లు నెట్టుకొస్తారు. పెళ్లిని వాయిదా వేయడానికి వాళ్లకు దొరికిన దారి అదొక్కటే. దాన్ని నిలకడలేమి అనడం అన్యాయం.

అపోహ: "సంగతి తెలిస్తే మెడికల్‌లోనే తీసేస్తారు."

వాస్తవం: లోకో పైలట్ కావాలంటే చూపు ఏ-1 ప్రమాణంలో ఉండాలి. మనసు ఎవరివైపు మొగ్గుతుందో చూసే పరీక్ష ఏదీ లేదు. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల స్వలింగ బంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తేల్చింది. అలాగని భయమంతా ఉత్తదే అనలేను. ప్రైవేటు కంపెనీల్లో లైంగిక మొగ్గును బట్టి చూపే వివక్షను అడ్డుకునే ప్రత్యేక చట్టం లేదు. స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేమని 2023 అక్టోబర్‌లో అదే కోర్టు చెప్పింది.

అపోహ: "వాళ్లకి ఫ్యాషన్, డాన్సులే నప్పుతాయి."

వాస్తవం: తాను గే అని దాచుకోని న్యాయవాది సౌరభ్ కిర్పాల్‌ను ఢిల్లీ హైకోర్టు జడ్జిగా సుప్రీంకోర్టు కొలీజియం 2021లో సిఫారసు చేసింది. కేంద్రం అభ్యంతరం చెప్పినా 2023లో మళ్లీ పట్టుబట్టింది.

అపోహ: "కాలేజీలో ఏడిపించడం మామూలే."

వాస్తవం: లైంగిక మొగ్గును పట్టుకుని వేధించడం కూడా ర్యాగింగేనని యూజీసీ 2016లోనే నిబంధనల్లో చేర్చింది. క్లాసుకెళ్లడమే భయమైనవాడికి మార్కులెలా వస్తాయి?

అపోహ: "హైదరాబాద్ పోతే అన్నీ సర్దుకుంటాయి."

వాస్తవం: తండ్రి రిటైరైతే రైల్వే క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పుడు ఇంటి అద్దె పిల్లల జీతం మీదే పడుతుంది. సికింద్రాబాద్ అని టిక్కు పెట్టబోయే పిల్లాడికి ముందు అమ్మే గుర్తొస్తుంది.