అంటువ్యాధి ఒక అమానతు: చిన్న ద్వీపం నేర్పే పెద్ద పాఠం

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతి, శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా!

ముందుగా నన్ను నేను, ఆ పిదప మిమ్మల్ని అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని హితవు చెప్పుకుంటున్నాను. తఖ్వా అనగానే మనకు నమాజు, ఉపవాసం, హలాల్, హరామ్ గుర్తుకొస్తాయి. జ్వరం వచ్చినవాడు తన వల్ల ఇతరులకు హాని కలుగకూడదని ఇంటిపట్టున ఉండిపోవడం కూడా తఖ్వాయేనని మనలో ఎంతమందిమి ఎన్నడైనా తలచాం? నేటి ఖుత్బా ఆ విషయం గురించే. దాన్ని తేటతెల్లం చేయడానికి మన దేశంలోనే, మన ధర్మసోదరులు నివసించే కొన్ని చిన్న దీవుల ముచ్చట చెబుతాను.

అరేబియా సముద్రంలో, కేరళ తీరానికి 200 నుంచి 440 కిలోమీటర్ల దూరంలో లక్షద్వీప్ ఉంది. ముప్పై ఆరు దీవుల్లో జనం కాపురముండేవి పది మాత్రమే. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా 64,473. వారిలో నూటికి తొంభై మందికి పైగా ముస్లింలు. కొచ్చి రేవు నుంచి ఓడ ఎక్కితే దీవిని బట్టి పద్నాలుగు మొదలు పద్దెనిమిది గంటలు పడుతుంది. కవరత్తిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఇతర దీవుల్లోనూ ఆరోగ్య కేంద్రాలున్నాయి. కాని పెద్ద శస్త్రచికిత్స అవసరమైన రోగిని, ప్రాణాపాయంలో ఉన్న బాలింతను హెలికాప్టరులో కొచ్చికి తరలించవలసిందే. సముద్రం ఉగ్రంగా ఉన్న వానాకాలంలో ఆ ప్రయాణం కూడా ఎప్పుడూ సాధ్యపడదు.

సోదరులారా, ఆలోచించండి. మన పట్టణంలో ఒక ఆసుపత్రిలో మంచం దొరక్కపోతే మరో ఆసుపత్రికి పరుగెత్తుతాం. దీవిలో 'మరో ఆసుపత్రి' లేదు. పక్క ఊరు లేదు. కనుక రోగం వచ్చాక వైద్యం చేయడం కన్నా రోగం అడుగుపెట్టకుండా చూసుకోవడమే అక్కడ అసలైన వైద్యం.

మహాప్రవక్త (స) ఒక ఉపమానం చెప్పారు. నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించగా సహీహ్ బుఖారీలో నమోదైంది. కొందరు ఒకే ఓడలో ప్రయాణిస్తున్నారు. పై అంతస్తు కొందరికి, కింది అంతస్తు కొందరికి వంతు వచ్చింది. కిందివారు నీళ్ల కోసం మాటిమాటికీ పైకి వెళ్లవలసి వస్తోంది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మన వాటాలోనే చిన్న రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. పైవారు వారిని ఆపితే అందరూ బతుకుతారు, ఆపకపోతే అందరూ మునుగుతారు అన్నది ప్రవక్త (స) బోధ. గమనించండి, ఆ రంధ్రం చేయబోయిన వారిది దురుద్దేశం కాదు. ఇతరులకు శ్రమ తప్పించాలనే అనుకున్నారు. అయినా ఓడ మునిగేదే. అంటువ్యాధి కూడా సదుద్దేశం చూసి ఆగదు.

ఇప్పుడు లక్షద్వీప్‌లో జరిగిందేమిటో చూద్దాం. మన దేశంలో తొలి కోవిడ్ కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. అంటే ఆ దీవులకు గుమ్మం వంటి రాష్ట్రంలోనే. అయినా దాదాపు ఏడాది పాటు లక్షద్వీప్‌లో ఒక్క కేసూ నమోదు కాలేదు. దేశమంతటా బడులు మూతపడి ఉన్న 2020లోనే అక్కడి పిల్లలు తిరిగి తరగతులకు వెళ్లగలిగారు. వారి వద్ద అందుకు ప్రత్యేకమైన మందేదీ లేదు. ఉన్నది ఒక నియమం, దాన్ని పాటించిన ఓపిక. దీవికి రావాలనుకున్న ప్రతివారూ కొచ్చిలోనే వారం రోజులు క్వారంటైన్‌లో ఉండాలి, పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాతే ఓడ ఎక్కాలి. దీవి చేరాక కూడా కొన్నాళ్లు విడిగా ఉండాలి.

2020 డిసెంబరులో ఆ నియమం సడలింది. వారం రోజుల ఎదురుచూపు పోయి, ప్రయాణానికి ముందు చేయించుకున్న పరీక్షలో వ్యాధి లేదని తేలితే చాలన్నారు. 2021 జనవరిలో కవరత్తిలో తొలి కేసు బయటపడింది. ఆ వ్యక్తి కొచ్చి నుంచి ఓడలో వచ్చినవారే. అటుపై కేసులు వేలల్లోకి చేరాయి. అధికారిక లెక్కల్లో చివరికి అవి పదకొండు వేలు దాటాయి, యాభై మందికి పైగా చనిపోయారు. అరవై వేల జనాభాలో యాభై జనాజాలంటే, తెలిసినవారిని పోగొట్టుకోని ఇల్లు అక్కడ దాదాపు లేనట్టే. వారందరినీ అల్లాహ్ క్షమించుగాక!

పరీక్ష చేయించుకున్నారు కదా, మరి తేడా ఎక్కడ వచ్చింది? ఇది మనం బాగా అర్థం చేసుకోవలసిన విషయం. రోగకారకం శరీరంలో ప్రవేశించిన వెంటనే పరీక్షలో కనబడదు. అది లోలోపల పెరగడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈ రోజు అంటుకున్నవాడికి రేపు పరీక్ష చేస్తే 'లేదు' అనే ఫలితం రావచ్చు. ఆ కాగితం పట్టుకుని అతడు ఓడ ఎక్కుతాడు. దిగేసరికి ఇతరులకు అంటించగల స్థితిలో ఉంటాడు. అబద్ధమాడకుండానే అతడు రోగాన్ని మోసుకొస్తాడు. పరీక్ష ఒక్క క్షణం సంగతి చెబుతుంది. దాగి ఉన్నదాన్ని బయటికి రప్పించేది కాలం. క్వారంటైన్ అంటే ఆ కాలాన్ని కల్పించడమే.

సోదరులారా! ఈ సూత్రం మనకు కొత్తది కాదు. హిజ్రీ 18లో, అంటే క్రీ.శ. 639లో, పాలస్తీనాలోని అమ్వాస్‌లో మొదలై సిరియా ప్రాంతమంతటా ప్లేగు వ్యాపించింది. అప్పుడు ఖలీఫా ఉమర్ (రజి) సిరియాకు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. వార్త తెలిసి ముహాజిర్లతో, అన్సార్లతో, ఖురైష్ పెద్దలతో సంప్రదించి వెనక్కి మరలాలని నిర్ణయించారు. సైన్యాధిపతి అబూ ఉబైదా (రజి) అడిగారు, ఇది అల్లాహ్ విధి నుంచి పారిపోవడం కాదా అని. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామన్నది ఉమర్ (రజి) సమాధానం. లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే, ఒంటెల్ని ఎటు మేపినా అది దైవవిధే కదా అని ఆయన వివరించారు. అప్పుడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, తాను ప్రవక్త (స) నోట విన్న ఆదేశం తెలియజేశారు. వ్యాధి ప్రబలిన ప్రాంతానికి వెళ్లకూడదు, మీరున్న చోట ప్రబలితే అక్కడి నుంచి పారిపోకూడదు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది.

ఆ ఆదేశానికి రెండు భాగాలున్నాయి. మొదటి భాగాన్ని ఉమర్ (రజి) పాటించారు, లోపలికి వెళ్లలేదు. రెండో భాగాన్ని అబూ ఉబైదా (రజి) పాటించారు. ఖలీఫా రమ్మని ఉత్తరం రాసినా తన సైనికుల్ని విడిచి రాలేదు. ఆ ప్లేగులోనే కన్నుమూశారు. దూరంగా ఉండిపోయినవాడిదీ, కదలకుండా నిలిచినవాడిదీ ఒకటే విధేయత.

'అంటువ్యాధి అనేదే లేదని హదీసులో ఉంది కదా' అని కొందరు అడుగుతుంటారు. ఆ మాట హదీసులో ఉన్నమాట నిజమే. కాని రోగంతో ఉన్న ఒంటెల్ని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి తోలుకురాకూడదని చెప్పింది కూడా ఆ ప్రవక్తే (స). అజ్ఞానకాలపు అరబ్బులు రోగానికి స్వతంత్రమైన శక్తి ఉందని నమ్మేవారు. ఆ నమ్మకాన్నే ఆయన ఖండించారు, అల్లాహ్ అనుమతి లేనిదే ఏదీ హాని చేయజాలదని నేర్పారు. కారణాలను సృష్టించింది అల్లాహ్‌యే గనుక, వాటి పట్ల జాగ్రత్త వహించమన్నదీ ఆయన ఆజ్ఞే. పండితుల వివరణ ఇదే.

ఇక్కడ మరో పార్శ్వం ఉంది. లక్షద్వీప్‌లో దక్షిణం చివర మినికాయ్ దీవి, దాని సమీపాన విరింగిలి అనే చిన్న లంక ఉన్నాయి. పూర్వం కుష్ఠు సోకినవారిని ఆ లంకలో విడిచిపెట్టేవారు. వారక్కడ దయనీయంగా బతుకు వెళ్లదీసేవారు. ఇది ఆ దీవివారి తప్పే అనుకోకండి. లోకమంతటా ఆనాడు అదే జరిగింది. కాని వేరుగా ఉంచడానికీ, వెలివేయడానికీ ఎంత తేడా! సఖీఫ్ తెగ ప్రతినిధి బృందంలో ఒక కుష్ఠురోగి వచ్చాడు. ప్రవక్త (స) అతన్ని దగ్గరికి రమ్మనలేదు. అతని బైఅత్ స్వీకరించామని, తిరిగి వెళ్లవచ్చునని కబురు పంపారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనంలో దూరమూ ఉంది, గౌరవమూ ఉంది. చేయి కలపలేదు, కాని అతణ్ణి ఉమ్మత్ నుంచి తీసివేయలేదు.

ఈ తేడాను మరిస్తే నష్టం అందరిదీ. వెలివేస్తారన్న భయం ఉన్నచోట రోగి తన రోగాన్ని దాస్తాడు. దాచిన రోగమే ఓడలో రంధ్రం. క్షయ మందు ఆరు నెలలు వాడితే నయమయ్యే వ్యాధి. కుష్ఠుకు నేడు మంచి మందులున్నాయి, చికిత్స మొదలైతే అది ఇతరులకు అంటదు. అయినా కూతురి సంబంధం చెడిపోతుందని, పొరుగువారు నవ్వుతారని ఎందరో ఆసుపత్రి గడప తొక్కరు. వారిని దాచుకునేలా చేసింది మన నాలుకలు కాదా?

దీవి నేర్పే మరో పాఠం నీటిది. అక్కడ నదులు, వాగులు లేవు. వర్షపు నీరు పగడపు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతుంది. బావుల్లో ఊరేది ఆ పొరే. ఇసుక నేల గనుక ఒక ఇంటి మరుగుదొడ్డి గుంతలోని మురికి సులువుగా పక్కింటి బావికి చేరుతుంది. ఒకరి నిర్లక్ష్యం మరొకరి బిడ్డకు విరేచనాలై తేలుతుంది. అందుకే వాననీటిని తొట్లలో పట్టుకోవడం, 2005లో కవరత్తిలో సముద్రపు నీటి నుంచి రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రం నెలకొల్పడం అక్కడ ఆరోగ్యసేవలో భాగమే. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన కూడదని, పాత్రలపై మూతలుంచమని ప్రవక్త (స) చేసిన బోధలు అలాంటి చోట ఎంత సూటిగా తాకుతాయో ఊహించండి.

మరి మనం? వరద వేళ గోదావరి లంక గ్రామాలు కూడా దీవులే. పడవ తప్ప దారి ఉండదు. అసలు ఒకే బోరు నీరు, ఒకే మురుగు కాలువ, ఒకే వజూఖానా పంచుకునే మన ప్రతి మొహల్లా ఒక దీవే, చుట్టూ సముద్రం కనబడదు, అంతే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకుండా మీకు బోధించే అర్హత నాకు లేదు. 2021 వేసవిలో ఒక శుక్రవారం నాకు ఒళ్లు వెచ్చగా ఉంది, గొంతు నొప్పిగా ఉంది. జుమా వదిలితే పాపమనుకుని మాత్ర వేసుకుని ఇమామత్ చేశాను. రెండు రోజులకు నాకు కోవిడ్ అని తేలింది. ఆ తర్వాత మొదటి సఫ్‌లో నిలిచే ఇద్దరు పెద్దలు మంచానపడ్డారు. ఒకరు తిరిగి రాలేదు. అది నా వల్లనేనా అన్నది అల్లాహ్‌కే తెలుసు. కాని నేను మదరసాలో చదివిన మసలా ఏమిటి? రోగిపై జుమా విధి కాదు. వర్షం కురిసిన రోజున ఇళ్లలోనే నమాజు చేసుకోమని ముఅజ్జిన్ చేత ప్రకటింపజేసిన సహాబీ ఇబ్నె అబ్బాస్ (రజి). పచ్చి వెల్లుల్లి తిన్నవాణ్ణే మస్జిద్‌కు దూరంగా ఉండమన్న ప్రవక్త (స) దగ్గుతో ఉన్నవాణ్ణి ఏమంటారు? ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆచరించలేదు. ఆనాడు నాకు కావలసింది ధైర్యం కాదు, వినయం.

కనుక సోదరులారా, నాలుగు మాటలు గుర్తుంచుకుందాం. ఒంట్లో బాగోలేకపోతే మస్జిద్‌కు, పెళ్లికి, బజారుకు వెళ్లకండి. ఇంట్లో చేసుకున్న నమాజుకు అల్లాహ్ ప్రతిఫలం తగ్గించడు. రోగాన్ని దాచకండి, ఆశా కార్యకర్త ఇంటికి వస్తే నిజం చెప్పండి. పిల్లలకు టీకాలు వేయించండి, భయం పుట్టించే వార్తలను నలుగురికీ పంపే ముందు తెలిసినవారిని అడగండి. సూరా నిసా 83వ ఆయత్ మనకు నేర్పేది ఇదే. నాలుగోది, ఏకాంతంలో ఉన్న రోగి గుమ్మం ముందు అన్నం, మందులు పెట్టి రండి. పలకరించండి. అతడు ఒంటరి అని అనిపించనీయకండి. ఇంటి చుట్టూ నీరు నిలవనీయకండి, ఒక కొబ్బరి చిప్పలోని వాననీరు చాలు, డెంగీ దోమ పెరగడానికి.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళినీ కాపాడినట్లేనని సూరా మాయిదా బోధిస్తోంది. అందుకు వైద్యుడే కానక్కర్లేదు. ఒక శుక్రవారం ఇంట్లో ఉండిపోయినవాడూ ఆ పని చేసినవాడు కావచ్చు.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. వారికి సేవచేసే వైద్యులను, నర్సులను, ఆశా కార్యకర్తలను దీవించు. వ్యాధుల్లో మరణించినవారికి షహీదుల పుణ్యం అనుగ్రహించు. తెలిసీ తెలియక మా వల్ల ఎవరికైనా హాని జరిగి ఉంటే మమ్మల్ని క్షమించు. ద్వీపాల్లో, లంకల్లో, దూరపు పల్లెల్లో ఉన్న నీ దాసులను నీ కాపుదలలో ఉంచు. ఆమీన్.