జనవరిలో రాలిన గోధుమ గింజలు

జనవరి అనగానే మనకు కొత్త సంవత్సర ఆరాధన, వాగ్దాన కార్డులు, కొత్త తీర్మానాలు గుర్తుకొస్తాయి. ఇదే నెలలో ప్రభువునందు నిద్రించిన ముగ్గురు సేవకులను కూడా మనం జ్ఞాపకం చేసుకోవాలి. ముగ్గురి సమాధులూ వారు పుట్టిన ఊళ్లో లేవు, సేవ చేసిన ఊళ్లోనే ఉన్నాయి.

బిషప్ వి.ఎస్.అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చారు. తెలుగు నేర్చుకుని పల్లెపల్లె తిరిగారు. ఊరవతలకు నెట్టివేయబడిన దళితుల మధ్య సంఘాలు కట్టారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంత పదవి వచ్చినా డోర్నకల్ విడిచిపెట్టలేదు. 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశారు. మన నేల పోలికలతో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ నేటికీ అక్కడ నిలిచి ఉంది.

ఆమీ కార్మైకేల్ ఐర్లాండ్ దేశస్థురాలు. 1895లో భారతదేశం వచ్చాక 55 ఏళ్లపాటు ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు. తమిళనాడులోని దోహ్నావూరులో, ఆపదలో ఉన్న ఆడపిల్లలను చేరదీసి తల్లిలా పెంచారు. 1931లో కిందపడి గాయపడ్డారు. అప్పటినుంచి చివరిదాకా దాదాపు మంచానికే పరిమితమయ్యారు. అయినా సేవ ఆగలేదు, ఆ గదిలోంచే ఎన్నో పుస్తకాలు రాశారు. 1951 జనవరి 18న ప్రభువు పిలుపు అందుకున్నారు. తన సమాధిపై రాయి పెట్టవద్దన్నారు. పిల్లలు అక్కడ పక్షులు నీళ్లు తాగే తొట్టి ఒకటి ఉంచి, దానిమీద 'అమ్మ' అనే అర్థమిచ్చే ఒక్క తమిళ మాట చెక్కించారు.

ఆస్ట్రేలియా నుంచి 1965లో వచ్చిన గ్రాహం స్టెయిన్స్ ఒరిస్సాలోని బారిపదలో కుష్ఠురోగుల పుండ్లు కడిగారు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, మనోహర్‌పూర్ గ్రామంలో వాహనంలో నిద్రిస్తున్న ఆయననూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ దుండగులు సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్ ఆ హంతకులను క్షమించారు. క్షమించానని చెప్పి ఊరుకోలేదు. కూతురితో కలిసి 2004 వరకు అదే ఊళ్లో ఉండి, అవే పుండ్లకు కట్లు కట్టించారు.

భూమిలో పడి చచ్చిన గోధుమ గింజే విస్తారంగా ఫలిస్తుందని ప్రభువు చెప్పిన మాట యోహాను 12వ అధ్యాయంలో చదువుతాం. చదవడం తేలికే. చిన్న మాట పడితే సంఘం మారిపోతాం. పక్క బల్లమీద కూర్చున్న సహోదరునితో ఏళ్ల తరబడి మాట్లాడం. మరి కన్నబిడ్డలను పోగొట్టుకున్న తల్లి క్షమించగలిగితే, మన దగ్గర మిగిలే సాకు ఏమిటి?

దేవుడు మనలను ఉంచిన చోటు చిన్నదే కావచ్చు. అక్కడి మనుషులు కష్టమైనవారే కావచ్చు. ఈ జనవరిలో వాగ్దానం అందుకున్న చేతితోనే, మనం దూరం పెట్టిన ఒక్కరి తలుపైనా తడదాం. గింజ మొలిచేది అక్కడే.